తొమ్మిది నీళ్ల గోధుమలు

మూడో నీళ్లు వంపుతుండగా టీవీలో వాడు "నొరోక్ బున్" అన్నాడు. గోధుమల్లో ఉన్న వెతూరియా చెయ్యి అక్కడే ఆగిపోయింది. నొరోక్ బున్, నీకు మంచి జరగాలి అని. బొగ్గుగని లిఫ్టు కిందికి దిగేముందు ఒకడి భుజం ఒకడు తట్టి అనుకునే మాట, తిరిగి పైకి వస్తామో రామో తెలియని వాళ్ల మాట, జియు లోయలో పుట్టినవాడు రోడ్డు మీద ఎదురైనవాడికి కూడా అనే మాట. దాన్ని పట్టుకెళ్లి రాజధాని బుకరెస్టులో నీలం సూటు వేసుకుని, మొహానికి పౌడరు రాయించుకుని, మూడు కెమెరాల ముందు ఒలకబోశాడు. హొరియా దంబ్రోవియాను. ఏడేళ్ల కిందట గనుల మంత్రి, ఎల్లుండి ఆదివారం నాలుగు ఓట్లు ఎక్కువ పడితే దేశానికి అధ్యక్షుడు. పక్క బల్ల వెనక ప్రత్యర్థి చెర్నాటెస్కు, తెల్లటి పళ్లు, మెడకి టై లేదు, టై లేకపోవడమే తన పార్టీ సిద్ధాంతం అన్నట్టు నిలబడ్డాడు. మధ్యలో యాంకరమ్మ, ఒక్కో జవాబుకి తొంభై సెకన్లు అంటోంది. తొంభై సెకన్లా. గ్యాస్ అంటుకోవడానికి అందులో పదో వంతు చాలు తల్లీ, నీకెవరూ చెప్పలేదా.

మూడు. ఇప్పుడు పోయింది మూడో నీళ్లు. మర్చిపోకూడదు. రేపు శనివారం మొగుడు సాబిన్ ఏడో సంవత్సరీకం, ఏడోదే ఆఖరిది, ఆ తర్వాత పోయినవాణ్ని విడిగా పేరు పెట్టి పిలవరు, పోయినవాళ్లందరిలో కలిపేస్తారు. సమాధి దగ్గర పంచడానికి కొలివా చెయ్యాలి, గోధుమలు తొమ్మిది నీళ్లలో కడగాలి, తొమ్మిది దేవదూతల గణాలకి తొమ్మిది నీళ్లు, ఆ తర్వాత ఉడికించి పంచదారా వాల్‌నట్లూ కలిపి, పొద్దున్నే పైన కోకో పొడితో శిలువ గీయాలి. "లెక్క తప్పితే మళ్లీ మొదటికి రా, చచ్చినవాడికి మురికి తినిపిస్తావా" అనేది అత్తగారు, ఆవిడా పోయింది, ఆవిడ కొలివాకి కూడా తొమ్మిది నీళ్లే. సమాధి దగ్గర చదివించే పోయినవాళ్ల పేర్ల చీటీ ఇంకా రాయలేదు. ఫాదర్ నెస్టోర్‌కి చీటీ ఉండాలి, చీటీలో ఏముంటే అది చదువుతాడాయన, కళ్లల్లో శుక్లాలు, కాగితం ముక్కుకి ఆనించుకుని రాగం లాగుతాడు, అర్థం చూసుకునే ఓపిక ఎప్పుడో అయిపోయింది. పోయినేడు వీధి చివరి ఎమీలియన్ చీటీ అనుకుని జేబులోని బజారు జాబితా చేతిలో పెడితే "నీ దాసులైన ఉల్లిపాయలు రెండు కిలోలు, వెనిగరు ఒక సీసా, బల్బులు నాలుగు, వీరి ఆత్మలకు శాంతినిమ్ము" అని ఆసాంతం పాడేశాడు. జనం కూడా ఏమాత్రం తడుముకోకుండా "ప్రభువా కరుణించు" అన్నారు, మూడుసార్లు, బల్బులకి కూడా. నవ్వు ఆపుకోలేక పక్క ఫ్లాటు రోజాలియా పిన్ని సమాధి రాయి వెనక కూర్చుండిపోయింది.

నాలుగో నీళ్లు. బకెట్టు నిండుతోంది. ఆ బకెట్టు కూడా ఆ దంబ్రోవియానుదే. ఆకుపచ్చ ప్లాస్టిక్కు, ఒక పక్క వాడి పేరు, పేరు కింద "మీలో ఒకడు". నెల కిందట మెట్ల దగ్గర నిలబడి గడపకొకటి పంచారు, బకెట్లో ఒక నూనె సీసా, పంచదార పొట్లం, పిండి పొట్లం. వద్దనలేదు వెతూరియా. వద్దని ఎవరన్నారు, ఈ భవనంలో? తీసుకుంది. పైగా రెండు వారాల కిందట, ఇద్దరే మిగలకముందు మొదటి విడతలో, వాడి పేరు మీదే ముద్ర గుద్దింది. అవును, గుద్దింది, ఇప్పుడు ఎవరి దగ్గర దాచాలి? వాడొక్కడికే ఈ లోయ పేరు తెలుసు కదా అనుకుంది. గని మూయించినవాడే కదా, మూసిన తలుపు ఎక్కడుందో వాడికే తెలుస్తుంది, తెరవమంటే వాడే తెరవాలి అనుకుంది. ఎంత తెలివి. ఎంత గొప్ప తెలివి. దొంగకి తాళంచెవి ఎక్కడుందో తెలుసు గనక వాడికే ఇల్లు అప్పజెప్పడం. తల పట్టుకుని గోడకేసి కొట్టుకున్నా బాగుండేది.

చెర్నాటెస్కు మాట్లాడుతున్నాడు. మూసిన గనుల్లో మ్యూజియాలు పెడతాడట. కొండ మీద మంచులో జారుడు ఆటలు, కింద కాఫీ హోటళ్లు, పాత లిఫ్టులకి రంగులు. "మన తాతలు ఎంత కష్టపడ్డారో పిల్లలు కళ్లారా చూస్తారు" అంటున్నాడు. తాతలేంట్రా. ఎవడ్రా తాత. నా మొగుడికి నలభై మూడేళ్లు. వెంట్రుక ఒక్కటీ నెరవలేదు, శవపేటిక మూత తియ్యనివ్వలేదు గనక చివర్లో నెరిసిందేమో తెలియదు. గాజు పెట్టెలో సాబిన్ హెల్మెట్టు పెట్టి టికెట్టు అమ్ముతావా, అద్దానికి ముక్కు ఆనించి చూసి నీ పిల్లలు ఐస్‌క్రీము చీకుతారా. వాడేమో శవాల మీద నిలబడి ఓటడుగుతాడు, వీడేమో శవాల మీద కాఫీ అమ్ముతాడు, ఇద్దర్లో ఒకణ్ని ఎంచుకో అని నా చేతిలో ముద్ర పెడతారు, ఇదీ నా హక్కు, ఇందుకు పొద్దున్నే ముఖం కడుక్కుని బడి దాకా నడిచి వెళ్లి వరసలో నిలబడాలి.

హెల్మెట్టు అంటే గుర్తొచ్చింది. మంత్రిగా ఉన్నప్పుడు దంబ్రోవియాను ఒకసారి దుంబ్రావా గనికి వచ్చాడు. దీపాల గదిలోకి వచ్చాడు, వెతూరియా గదిలోకి. ఇరవై రెండేళ్లు ఆ గది ఆవిడదే: ఆరువందల దీపాలు, ఆరువందల కొక్కేలు, గోడ నిండా చార్జింగు పెట్టెల చిన్న చిన్న ఎర్రలైట్లు, బ్యాటరీ ఆసిడ్ వాసన, చెక్క కిటికీ. దిగేవాడు తన నంబరు బిళ్ల ఇస్తాడు, దీపం తీసుకుంటాడు. బిళ్ల కొక్కేనికి పడుతుంది. ఎక్కి వచ్చినవాడు దీపం ఇచ్చి బిళ్ల పట్టుకుపోతాడు. కొక్కేనికి బిళ్ల ఉందంటే మనిషి కింద ఉన్నట్టు, అంతకంటే చదువు అక్కర్లేదు. మంత్రి వచ్చినప్పుడు బిళ్ల అడిగింది. నవ్వారందరూ. "ఆయనకి బిళ్లేంటి వెతూరియా, ఆయన మంత్రి" అన్నాడు డైరెక్టరు. "బిళ్ల లేకుండా కిందికి వెళ్తే పైకి రాకపోయినా నాకు తెలియదు" అంది. అప్పుడు కూడా నవ్వారు. మంత్రి దీపం పెట్టుకుని ఫొటో తీయించుకున్నాడు, తీగ వెనక వేలాడుతూ ఉంది, బ్యాటరీకి తగిలించలేదు, వెలగని దీపం. కిందికి దిగలేదు. దిగడానికి టైము లేదన్నారు. ఆ ఫొటోయే ఇప్పుడు గోడలన్నిటి మీదా ఉంది, మీలో ఒకడు, వెలగని దీపం.

నాలుగు. నాలుగు పోశాను, వంపాను, ఇప్పుడు అయిదు. గోధుమలు వేళ్ల మధ్య జారుతున్నాయి, నీళ్లు ఇంకా మబ్బుగానే ఉన్నాయి. బొగ్గు కడిగిన నీళ్లు నయం, కనీసం నల్లగా ఉన్నానని ఒప్పుకుంటాయి. యాంకరమ్మ ఏదో కాగితం తిప్పి "దుంబ్రావా ప్రమాదం" అంది. వెతూరియా తల ఎత్తింది. చెర్నాటెస్కు వేలు చూపించాడు: "అయిదుగురు చనిపోయారు, మీరు మంత్రి, బాధ్యత ఎవరిది?" మొదటిసారి వాడి నోట్లోంచి ఒక మాట సరిగ్గా వచ్చింది. ఆ మాట కూడా ఎవరో రాసిచ్చి ఉంటారు, అయినా వచ్చింది, అడుగు, ఇంకా అడుగు, గ్యాస్ మీటర్ల సంగతి అడుగు. అడగలేదు. వేలు దించి పళ్లు చూపించాడు. దంబ్రోవియాను తల వంచాడు, ఒక క్షణం, రెండు క్షణాలు, ఆ తల వంచడం అద్దం ముందు ఎన్నిసార్లు చేసి చూసుకున్నాడో. గొంతు తడి చేసుకుని అన్నాడు:

"ఆ రోజు నేను సమాధుల దగ్గర ఉన్నాను. మీరెక్కడున్నారో నాకు తెలియదు. విచారణలో తేలింది, ఒక కార్మికుడి చిన్న పొరపాటు. నేను అతన్ని నిందించను, దేవుడు అతన్ని క్షమించుగాక. అతని భార్య, వెతూరియా అనే ఆ తల్లి, నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? మంత్రిగారూ, ఈ గని మూసెయ్యండి, ఇంకో ఆడది నాలా నల్లబట్ట కట్టకూడదు, అంది. నేను మాటిచ్చాను. మాట నిలబెట్టుకున్నాను."

హాల్లో చప్పట్లు. కొళాయి పారుతూనే ఉంది, బకెట్టు నిండి, పొర్లి, గోధుమలు అంచు దాటి సింకులో పడుతున్నాయి. అనలేదు. నేను అనలేదు. దేవుడా, నేను ఆ మాట అనలేదు. చెయ్యి నేను పట్టుకోలేదు, వాడే పట్టుకున్నాడు, మెత్తటి చెయ్యి, తోలు చేతితొడుగు తీసి మరీ పట్టుకున్నాడు, కెమెరా అటువైపు ఉందని నన్ను భుజం పట్టి కొద్దిగా తిప్పాడు, బల్ల మీద పూలకుండీ జరిపినట్టు. నేను అన్నది ఒక్కటే. "సాబిన్ బిళ్ల ఇంకా కొక్కేనికే ఉంది, దాన్ని ఎవరు తియ్యాలి?" అన్నాను. నాకు నిజంగా తెలియక అడిగాను. ఇరవై రెండేళ్లలో ఏ బిళ్లా నేను తియ్యలేదు, మనిషి వచ్చి తీసుకుంటాడు. వాడు వినలేదు. "ధైర్యంగా ఉండండి" అన్నాడు, నా తల మీదుగా ఎవరికో కళ్లతో సైగ చేశాడు, కారు తెమ్మని. ఇదీ మేం మాట్లాడుకున్నది. ఇప్పుడు నా నోట్లో వాడి నాలుక పెట్టి మాట్లాడుతున్నాడు, దేశమంతా వింటోంది, లోయలో ఉద్యోగాలు పోయిన మూడు వేల ఇళ్లూ వింటున్నాయి, ఓహో, గని మూయించింది ఆవిడా అని. మొగుడు తనతోపాటు నలుగుర్ని చంపాడు, పెళ్లాం గని మూయించింది. వాడిది మాత్రం ఏ తప్పూ లేదు, మాట మీద నిలబడే మనిషి!

ఎన్నో నీళ్లు? అయిదా? ఆరా? లెక్క పోయింది. పోయింది లెక్క. అత్తగారు ఎక్కడున్నా చూస్తూనే ఉంటుంది. వెతూరియా బకెట్టు మొత్తం బోర్లించింది, గోధుమలు జల్లెడలోకి, వాడి పేరు సింకులోకి తలకిందులుగా. బకెట్టుని తలుపు దగ్గరికి విసిరింది. అలమరలోంచి అత్తగారి సత్తు గిన్నె తీసింది, సొట్టలు పడ్డ గిన్నె. మళ్లీ ఒకటి.

ఫోను మోగింది. పుయు. వీధి మెట్ల దగ్గర బకెట్లు పంచినవాడు, ఒకప్పుడు సాబిన్ జట్టులో కుర్రాడు, ఇప్పుడు పార్టీ మనిషి, మెడలో కార్డు వేసుకుని తిరుగుతాడు.

"అక్కా! చూశావా? పేరు పెట్టి చెప్పారక్కా, పేరు పెట్టి! మా ఆఫీసులో అందరూ లేచి నిలబడ్డారు."

"నేనా మాట అనలేదురా."

"ఏ మాట?"

"గని మూసెయ్యమని."

"అబ్బా, అదేంటక్కా, అటూ ఇటూగా అనే ఉంటావులే. ఏడుపులో ఏమన్నావో నీకేం గుర్తు? సరే విను, రేపు పదింటికే కదా సమాధి దగ్గర? టీవీ వాళ్లు వస్తున్నారు, లైవు. ఆయన కూడా వస్తున్నారు, కొవ్వొత్తి వెలిగించి రెండు చెంచాలు కొలివా తింటారు, వెళ్లిపోతారు."

"రేపు పొద్దున ఏడింటికే ప్రచారం బందు కదా."

"ఇది ప్రచారమేంటక్కా, పరామర్శ! చట్టం పరామర్శని ఆపుతుందా?" నవ్వాడు. "మైకులు ఫాదర్ నెస్టోర్ నోటి ముందే పెట్టిస్తున్నా, రెండు, పేర్లు చదివేటప్పుడు దేశమంతా వినాలి. నువ్వేం మాట్లాడక్కర్లేదు. కొంచెం ఏడిస్తే చాలు."

ఫోను పెట్టేసింది. కొంచెం ఏడిస్తే చాలు. ఎన్ని చుక్కలు కావాలో కూడా చెప్పు, కొలిచి పోస్తాను. ఆ దంబ్రోవియాను వస్తాడు, నా గోధుమలు నోట్లో పెట్టుకుంటాడు, తొమ్మిది నీళ్లలో కడిగినవి, సాబిన్ ఆత్మకి చేరాల్సినవి వాడి పళ్ల మధ్య నలుగుతాయి, మూతి తుడుచుకుని కెమెరాకి తల వంచుతాడు. విషం కలిపితే? ఛీ, కొలివాలో. అది సాబిన్‌ది.

తలుపు తట్టకుండానే రోజాలియా పిన్ని వచ్చింది. పక్క ఫ్లాటు, డెబ్బై రెండేళ్లు, హంగేరియన్ల ఆడమనిషి, చేతిలో వాల్‌నట్ల సంచీ, చిన్న సుత్తి. ఆవిడ మతంలో కొలివా లేదు, తొమ్మిది నీళ్లూ లేవు, అయినా ఏడేళ్లుగా వాల్‌నట్లు కొట్టడానికి వస్తుంది. ఆ అయిదుగురిలో ఆవిడ కొడుకు ఒకడు. అర్పాద్. ఇరవై ఆరేళ్లు. సాబిన్ పక్కనే దొరికాడు.

"గుమ్మంలో ఈ బకెట్టేంటే, కాలికి తగిలింది" అంటూ కూర్చుంది. చెక్క పలక ఒళ్లో పెట్టుకుంది. "విన్నాను, గోడ అవతల నించి. నీ పేరు చెప్పాడు వెధవ. నిజంగా అన్నావా ఆ మాట?"

"అనలేదు పిన్నీ."

"అనవని నాకు తెలుసు. నీకు అంత పొడుగు మాట రాదు." ఠక్కున ఒక కాయ పగిలింది. "ఎన్నో నీళ్లు?"

"లెక్క పోయింది. మళ్లీ మొదలెట్టాను. ఇది రెండోది."

"నువ్వు కడుగు, నేను లెక్క పెడతా. టీవీ చూసే ఆడదానికి లెక్కలు నిలవవు." రెండు కాయలు తీసి బల్ల అంచున వరసగా పెట్టింది. మూడో నీళ్లకి మూడో కాయ. ఠక్, ఠక్. టీవీ వైపు చూడకుండా, "నీ మొగుణ్ని దేవుడు క్షమించుగాక అంటాడా. వాడెవడు అనడానికి. క్షమించాల్సింది నేను, నేను ఎప్పుడో క్షమించాను. మనిషన్నాక పొరపాటు పడతాడు" అంది.

అంతే. ఏడేళ్లుగా ఏటా ఇదే మాట, ఇదే సుత్తి చప్పుడు మధ్యలో, ఇదే మెత్తటి గొంతుతో, వెతూరియా ఏటా తల ఊపి ఊరుకుంది. ఆ ప్రమాదం జరిగిన వారం, సోమవారం రాసింది. రిజిస్టరులో, తన చేత్తో, నీలం పెన్నుతో: గ్యాస్ మీటర్లు, నంబర్లు ముప్పై ఒకటి, నలభై ఏడు, యాభై రెండు, గ్యాస్ తగిలినా పలకడం లేదు, బాగు చేయించాలి. ఇంజనీరుకి చూపించింది. "రాశావుగా, చాలు, కొత్తవి వస్తాయి" అన్నాడు. రాలేదు. గురువారం పొద్దున షిఫ్టుకి మీటర్లు చాలలేదు, తనిఖీ వాడు వస్తున్నాడని కబురు, ప్రతి జట్టు నాయకుడి నడుముకీ మీటరు వేలాడాలి. కిటికీలో సాబిన్. మీటరు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "ఇది పలకదు కదే. దీనికంటే మా అమ్మ పిల్లి నయం, కనీసం ఆకలేస్తే అరుస్తుంది." వెనక వరసలో అర్పాద్ కిసుక్కున నవ్వాడు. తనేమంది? తనేమంది! "లెక్క కోసం తగిలించుకో, ముందుకి నడు, వెనక నలభై మంది ఉన్నారు" అంది. లెక్క కోసం. మొగుడికి చెప్పిన ఆఖరి మాట. సాబిన్ బిళ్ల ఇచ్చాడు, వేళ్లు తగిలాయి, పోయాడు. వరసలో మిగతావాళ్లకి దీపాలిస్తూ ఉండగానే నేల కదిలింది, గోడ మీద దీపాలన్నీ ఒక్కసారి ఊగాయి, ఆరువందల కొక్కేలు గొలుసు తెగినట్టు గలగల.

పాతిపెట్టిన మర్నాడు, ఆదివారం, డైరెక్టరు గదిలో మంత్రిగారి దగ్గర్నించి వచ్చిన వకీలు. సన్నటి వేళ్లు, ప్లాస్టిక్కు ఫైలు, కాఫీ తాగుతారా అని అడిగాడు. "మీటరు పాడైందని మీరే అంటే, పాడైందని తెలిసీ ఇచ్చింది ఎవరమ్మా? మీరే. అయిదు ప్రాణాలు. మీ పాపకి పదకొండేళ్లన్నారు కదా, మీరు జైల్లో ఉంటే ఎవరు చూస్తారు?" రిజిస్టరు అడిగింది. ఏ రిజిస్టరు, అన్నాడు. బల్ల మీద కాగితం: మీటరు పని చేసే స్థితిలోనే ఇచ్చాను. సంతకం పెట్టింది. పెట్టింది. చెయ్యి పట్టుకుని ఎవరూ పెట్టించలేదు. ఆ ఒక్క గీతతో మీటరు బాగైపోయింది, మీటరు బాగుంటే అది మోగి ఉండాలి, మోగితే సాబిన్ పట్టించుకోనట్టు, పట్టించుకోకపోతే సాబినే చంపినట్టు. ఎంత నీటుగా పేర్చారు, ఇటుక మీద ఇటుక. కూతురు ఒటిలియాని బళ్లో "మీ నాన్న మా నాన్నని చంపాడు" అని జుట్టు పట్టుకుని లాగారు, ఇంటికొచ్చి అడిగింది, "అమ్మా, నాన్న వినలేదా అది మోగితే?" ఏం చెప్పింది? అన్నం తిను అంది. ఇప్పుడు దానికి పద్దెనిమిది, వైర్ల ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు, ఆదివారం దానికి మొదటి ఓటు, ఇప్పటికీ తండ్రి ఫొటో వైపు సగం కోపంగా చూస్తుంది. అది కూడా తనే పెట్టిన సంతకం.

వాణ్ని తిడుతున్నాను. వాడు నా నోట్లో మాట పెట్టాడని. ముందు నోరు అమ్ముకున్నదెవరు? ఖాళీగా కనిపిస్తే కదా ఎవడైనా వచ్చి కూర్చునేది. ఏడేళ్లు ఖాళీగా ఉంచాను, తుడిచి, ముగ్గులేసి, వాడికోసమే ఉంచినట్టు ఉంచాను. సిగ్గు లేని దాన్ని. భయం, భయం, ఎంత భయం, జైలంటే భయం, ఈ ముసలమ్మ ముఖం అంటే జైలు కంటే భయం.

"ఏడు" అంది పిన్ని, కాయ జరుపుతూ. "ఏంటే, నీళ్లు పోసుకుంటూ నిలబడిపోయావు. చీటీ రాశావా? ఆ ఫాదర్‌కి మళ్లీ బల్బులు ఇచ్చేవు."

బల్బులు. ఏం ఇస్తే అది చదువుతాడు. ముక్కుకి ఆనించుకుని, రాగం తియ్యకుండా వదలడు, ఆఖరి అక్షరం దాకా. నోటి ముందు రెండు మైకులు. లైవు. వాడు కొవ్వొత్తి పట్టుకుని తల వంచి పక్కనే నిలబడి ఉంటాడు, కదలడానికి లేదు, కెమెరా మొహం మీదే ఉంటుంది.

వెతూరియా చేతులు గౌనుకి తుడుచుకుంది. సొరుగులోంచి కాగితం తీసింది, ఒటిలియా బడి నోటుబుక్కులోంచి మిగిలిన గళ్ల కాగితం. టీవీలో యాంకరమ్మ ముగింపు మాటలంటోంది, చెరో నిమిషం. చెర్నాటెస్కు భవిష్యత్తు అన్నాడు. భవిష్యత్తు అని ఏడుసార్లు అన్నాడు. దంబ్రోవియాను నిజం అన్నాడు. "నేను మీకు ఇవ్వగలిగింది ఒక్కటే, నిజం." ఇవ్వు. రేపు నేనే ఇస్తా, నువ్వు పట్టుకో. పెన్ను కాగితం చించుకుంటూ పోతోంది, అక్షరాలు వంకర, తప్పులు ఉంటే ఉండనీ, వకీలు రాసిన దాంట్లో ఒక్క తప్పూ లేదు.

"ఇంత పొడుగు రాస్తున్నావేంటే?" అంది పిన్ని. "అయిదు పేర్లే కదా."

ఇప్పుడు కాకపోతే రేపు పదింటికి జనం మధ్యలో వింటుంది. అలా వినకూడదు. అందరితో పాటు కాదు, అందరికంటే ముందు. కాగితం చాపింది. "నువ్వు చదువు పిన్నీ. ఫాదర్ కంటే ముందు నువ్వు చదవాలి."

రోజాలియా కళ్లజోడు ఏప్రాన్ జేబులోంచి తీసి పెట్టుకుంది. కాగితం వెలుగులోకి వంచింది. పెదాలు కదుపుతూ చదివే అలవాటు ఆవిడకి, అందుకని ఎక్కడిదాకా వచ్చిందో వెతూరియాకి కనిపిస్తూనే ఉంది. *సాబిన్. అర్పాద్. విర్జిల్. టియోఫిల్. నికోదిమ్.* అర్పాద్ దగ్గర పెదాలు ఒక్క క్షణం ఆగాయి, ఎప్పుడూ ఆగుతాయి. *సాబిన్ నడుముకి 47వ నంబరు గ్యాస్ మీటరు. అది పలకదు. పలకదని సోమవారం రిజిస్టరులో రాసింది వెతూరియా. గురువారం దాన్నే అతనికిచ్చింది వెతూరియా. బాగానే ఉందని ఆదివారం సంతకం పెట్టింది వెతూరియా. ఆ సంతకం పెట్టించింది హొరియా మంత్రి మనిషి. రిజిస్టరు పట్టుకుపోయింది వాళ్లే. గని మూయమని వెతూరియా అనలేదు. సాబిన్ తప్పు లేదు. వీరి ఆత్మలకు శాంతినిమ్ము.*

సుత్తి ఆగిపోయింది. టీవీలో ఇద్దరూ కరచాలనం చేసుకుంటున్నారు, నవ్వుతూ, ఒకడి మోచెయ్యి ఒకడు పట్టుకుని. పిన్ని మళ్లీ మొదటినించి చదివింది. పెదాలు రెండోసారి కదలలేదు. వెతూరియా గిన్నెలో చేతులు పెట్టి నిలబడింది, నీళ్లు చల్లగా, గోధుమలు కదలకుండా అడుగున. ఏదైనా అను. కొట్టు. ఆ సుత్తి విసిరినా పక్కకి జరగను. ఏడేళ్లు నీ క్షమ తిన్నాను, నాది కాని తిండి, నా మొగుడి పేరు చెప్పి తిన్నాను.

రోజాలియా కళ్లజోడు తీసి మడిచింది. వెతూరియా ముఖం వైపు చూడలేదు. ఒళ్లోని చెక్క పలక బల్ల మీద పెట్టింది, పెంకులు ఒక్కటి కూడా కింద పడకుండా. లేవడానికి బల్ల అంచు పట్టుకుంది, ఎప్పుడూ చెయ్యి అందించే వెతూరియాకి అందించడానికి ధైర్యం చాలలేదు. సుత్తి తీసుకుంది. వాల్‌నట్ల సంచీ వదిలేసింది. తలుపు దాకా వెళ్లి, కాళ్ల దగ్గరున్న ఆకుపచ్చ బకెట్టుని పాదంతో పక్కకి నెట్టి, వెనక్కి తిరక్కుండా అంది:

"అంకెలు పెద్దవిగా రాయి. ఆయనకి చూపు ఆనదు."

తలుపు పడింది. గోడ అవతల కుర్చీ లాగిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. బల్ల అంచున ఏడు కాయలు వరసగా. వెతూరియా నీళ్లు వంపింది, పోసింది, ఎనిమిదో కాయ తనే పెట్టింది. వంపింది, పోసింది, తొమ్మిది. నీళ్లలోంచి గిన్నె అడుగు సొట్టతో సహా కనిపిస్తోంది. అప్పుడు టీవీ కట్టేసి, చేతులు తుడుచుకుని, కొత్త కాగితం తీసింది. పేర్ల కింద మీటరు నంబరు: ముందు నాలుగు, పక్కన ఏడు. ఒక్కో అంకె వేలెడంత.